స్థానికులు

కుంట గట్టు మీద బండి ఆపిన విలేకరి సుదర్శన్ చేతిలో హబీబా పేపరు కుక్కింది.

"పెద్దసార్లు చూడ్డానికొస్తారని ఉపాధి పని ఆఫీసరోళ్లు ఎండిన కుంటలో ట్యాంకరుతో నీళ్లు పోయించినారు. దాన్ని 'స్థానికులు ఆరోపిస్తున్నారు' అని రాసినావు. చూసిందెవరప్పా?"

"నేనే. అయితే విలేకరి సాక్షి కాకూడదక్కా. ఎవరో చెప్పినట్టే రాయాల. అది మా ధర్మం."

ఆ మాటను మెళ్లో తాయెత్తు మాదిరి చూపించినాడు. హబీబాకు ఉమ్మెయ్యాలనిపించింది.

"ఈ పొద్దు నన్ను ఉపాధి పనిలోంచి తీసేసినారు."

"నీ పేరు నేను రాయలేదు కదా. నువ్వే చెప్పినావని వాళ్లెట్ల అనుకుంటారు?"

హబీబా వాని భుజం పట్టి చుట్టూ తిప్పింది. కనుచూపు మేరా బండలు, కంప చెట్లు. గట్టు కింద ఒకే ఒక్క రేకుల ఇల్లు, ఆమెది.

"లెక్కపెట్టుకో, ఈడ స్థానికులు ఎంతమంది ఉండారో."