దొంగదగ్గు

ఇంటింటి గోడకూ దగ్గు వినే యంత్రపు చెవి బిగించాక డాక్టర్లు వీధుల్లోకి రావడం మానేశారు. ఎవరు దగ్గినా ఓ మనిషి ఫోన్ చేసి పలకరించాలన్న రూలొక్కటే మిగిలింది.

క్షయ మీద పీహెచ్‌డీ చేస్తున్న హిమజ హాస్టల్ గదిలోంచే ఉప్పాడ దగ్గులు వింటుంది. అక్కడి ముసలి పోలమ్మ రోజూ సరిగ్గా నాలుగింటికి దగ్గుతుంది. హిమజ ఫోన్ చేసింది.

"మామ్మా, మళ్లీ దొంగదగ్గేనా? నా థీసిస్ తప్పులతడకైపోతోంది."

"ఏం సేయమంటావే తల్లీ! దగ్గకపోతే నన్ను పలకరించే దిక్కేదీ? ఇంతకీ బువ్వ తిన్నావా?"

గైడ్ ఊరుకోలేదు, జాబితాలోంచి పోలమ్మ పేరు కొట్టేయించాడు. పేరుతోపాటు ఆ ఇంటి లైనూ పోయింది.

మర్నాడు నాలుగైంది. హిమజ అన్నం తినలేదు, తిన్నావా అని అడిగినవాళ్లూ లేరు. కాసేపు ఫోన్ వంక చూసింది. తర్వాత తన గది గోడకున్న చెవి దగ్గరికెళ్లి, గొంతు సవరించుకుని, దగ్గింది.