మీ నాన్నగారిని తీసుకురండి

రాజమండ్రిలో రంగస్థల కళల డిగ్రీ చదువుతున్న పూజితకి ఆ వారం నటన పాఠం చెప్పే వంతు వచ్చింది. మల్లేశ్వరరావు మాస్టారు కొత్త పద్ధతి పెట్టారు. విద్యార్థి పాఠం చెప్పాలి, మాస్టారు బెంచీ మీద కూర్చుని నేర్చుకుంటారు. మొహమాటపడితే మార్కులుండవు.

మొదటి రోజే మాస్టారు ఆలస్యంగా వచ్చి, వెనక కూర్చుని, కరకరమని జంతికలు నమిలారు. "లేచి రాజు వేషం వేసి చూపించండి" అంటే "నాకు రాదండి మేడం" అన్నారు. మర్నాడూ అదే వరస.

మూడో రోజు పూజితకి ఒళ్లు మండింది. "రేపు మీ నాన్నగారిని తీసుకురాకపోతే క్లాసుకి రావద్దు!"

క్లాసంతా గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు.

మర్నాడు ఆటోలోంచి చేతికర్రతో తొంభై దాటిన పెద్దాయన దిగారు. వెనకాలే మాస్టారు తల వంచుకుని నిలబడ్డారు.

పూజిత కంగారుపడిపోయింది. "క్షమించండి తాతగారూ, ఏదో ఆటకి అన్నాను..."

"తప్పు వీడిది కాదండి మేడంగారూ" అన్నారాయన. "కుర్రతనంలో నాటకాల్లోకి వెళ్తానంటే గదిలో పెట్టి తాళం వేశాను. స్టేజీ ఎక్కనని నా మీద ఒట్టేయించుకున్నాను. అప్పట్నుంచీ నాటకం గురించి చెప్పడమే గానీ, ఒక్కసారీ వేషం కట్టలేదు."

పెద్దాయన చేతులు జోడించారు. "ఆ ఒట్టు ఇప్పుడు తీసేస్తున్నానండి. వీడికేదైనా వేషం ఇవ్వండి. మధ్యలో పారిపోతే నాకు చెప్పండి."

పూజిత వేదిక వైపు చెయ్యి చూపించింది.

మాస్టారు మెట్ల దగ్గర చెప్పులు విడిచారు.