ఎర్రదారం కట్టిన వరి

“ఏటి నాన్నా, వరికి ఎర్రదారాలు కడతన్నావు?” గట్టు మీంచి అరిచింది లిప్సా.

సునాబెడ ఇంజన్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు, మచ్చున్న ప్రతి భాగానికీ ఎర్రగుర్తు పెట్టి పక్కన పడేసిన మనిషి లిప్సా తండ్రి తాతాజీ. రిటైరై కుందురలో పొలం చేస్తున్నా ఆ చేతి అలవాటు పోలేదు.

“అగ్గితెగులు, అమ్మీ! ఆకు మీద సుక్కలు సూడు. దారం కట్టినవన్నీ పీకేత్తాను.”

వ్యవసాయం చదువుతున్న కూతురు ఆకును ఎండకు పెట్టి చూసింది.

“సుక్కలు సూదిమొనంతే ఉన్నాయి నాన్నా. తెగులే గెలిస్తే ఈపాటికి ఆకంతా మాడిపోయేది. ఈ తెగులు తెచ్చే బూజు దిగిన సోట కణం తనంతట తానే సచ్చిపోయింది. బతికున్న కణమే బూజుకి తిండి. తిండి దొరక్క అదక్కడే ఆగిపోయింది.”

తాతాజీ పక్కనున్న మచ్చలేని మొక్కను చూపించాడు. “మరి ఇదో?”

“దానికింకా తెగులు తగల్లేదు. సుక్కలున్నది తగిలించుకుని గెలిచింది.”

తాతాజీ నాలుక కరుచుకున్నాడు. “అయితే దారాలిప్పీమంటావా?”

“వద్దొద్దు! ఇత్తనానికి వాటినే కోద్దాం.”

తాతాజీ మళ్లీ వంగి, ఇంకో చుక్కల మొక్కకు దారం కట్టాడు. ఎర్రగుర్తు పడ్డది పాసవడం ఆయన సర్వీసులో ఇదే మొదలు.