ఎలుకల వాటా

“ఒక్కటంటే ఒక్క మాత్ర కూడా మింగలేదు డాక్టరమ్మా!” అంటూ ఓరెస్ట్ తొడ చరిచి నవ్వాడు.

పక్క కుర్చీలో ఉన్న అతని భార్య స్టెఫా గుండెల్లో రాయి పడింది.

డాక్టర్ లావాలే స్కాన్ బొమ్మ మీంచి తలెత్తింది. గుండెపోటుతో చావు దాకా వెళ్లొచ్చిన కెనడాలోని మానిటోబా రైతు ఇతను. ఇప్పుడు చూస్తే గుండెలో వాపు చేత్తో తీసేసినట్టు పోయింది. ఆ శుభవార్త చెప్పిందో లేదో, ఇదీ వరస.

“రక్తం పలచబడే మాత్రలు వాడలేదా? మరేం చేశారు?”

“గోధుమల కొట్టులో ఎలుకలకు వేశా. ఎలుకల మందూ ఇదీ ఒకే జాతి సరుకట కదా! మా తాతల నాటి నుంచి ఎలుకలకు పెట్టేది నేను మింగాలా?”

“ఎలుకలు చచ్చాయా?”

“చస్తాయి. కాస్త ఆలస్యమవుతోందంతే. నా గుండె మాత్రం బీట్‌రూట్ చారుతోనే బాగుపడింది.”

“ఆ మందు రక్తం గడ్డకట్టకుండా ఆపడమే కాదు, దెబ్బతిన్న గుండెలో వాపునూ తగ్గిస్తుందేమోనని మా ఆశ. మీ స్కాన్ చూసి అదే అనుకున్నా. మళ్లీ గడ్డ కడితే మీ చారు ఆపలేదు ఓరెస్ట్ గారూ!” డాక్టర్ సొరుగు లాగి మాత్ర తీసింది. “నా ఎదురుగా వేసుకోండి.”

ఓరెస్ట్ భార్య వైపు చూశాడు. ఆమె మొహం పాలిపోయింది. పాపం, తన కోసమే బెంగ పెట్టుకుందనుకున్నాడు. మొండివాడికీ మనసు కరిగింది.

“సరేలేవే ముసలీ, నీ కోసం వేసుకుంటా.”

మాత్ర నోటి దాకా వెళ్లింది. స్టెఫా అతని చేతి మీద ఒక్కటి వేసింది. మాత్ర ఎగిరి బల్ల కింద పడింది.

“పొద్దున్నే ఒకటి మింగావు! రెండోది పడితే ఏమన్నా ఉందా?”

“నేనా? ఎప్పుడు?”

“రోజూ, ఆపిల్ గుజ్జులో. మందుల షాపాయన్ని అడిగే నూరి కలుపుతున్నా. నీ సంగతి నాకు తెలీదా?”

డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది. “అమ్మయ్య! ఇకనుంచి మాత్రం ఆయనకు చెప్పే ఇవ్వండి తల్లీ.”

“మరి నేను ఎలుకలకు వేసిన సీసాలో మాత్రలేంటే?” అన్నాడు ఓరెస్ట్.

“నా బలం మాత్రలు.”

ఓరెస్ట్ నెత్తి కొట్టుకున్నాడు.

“అందుకా, మన పిల్లి ఆ ఎలుకల్ని చూసి పారిపోతోంది!”