హిరోసే కేక

ఒసాకాలోని ఆ చిన్న ఆఫీసులో రాత్రి ఇవాకి ఒక్కడే మిగిలాడు. తెల్లారితే కోర్టు వాదనల వీడియో గేమ్ విడుదల. నటులను పెట్టుకునే స్తోమత లేక పాత్రల కేకలన్నిటికీ ఉద్యోగులే గొంతులిచ్చారు. లాయర్ గెలిచే ఘట్టాల్లో "అభ్యంతరం!" అని అరిచే గొంతు హిరోసేది. ఆ ఘట్టాలు రాసిందీ అతనే. మూడు నెలల క్రితం అతను దగ్గుజబ్బుతో చనిపోగానే, రచయితగా ఇవాకి తన పేరు వేసుకున్నాడు.

కంప్యూటర్ ఆపి లేవబోతుంటే ఫోన్ మోగింది. హిరోసే భార్య తొమోకో.

"ఇవాకి గారూ, ఆ కథ మా ఆయనదే కదండీ? రాత్రిళ్లు నాకు చదివి వినిపించి, 'ఎలా గెలిపించానో చూశావా' అని మురిసిపోయేవారు."

"అబ్బే, ఆయన గొంతు మాత్రమే ఇచ్చారండీ. కథంతా నాదే."

"అభ్యంతరం!"

ఇవాకి ఉలిక్కిపడి స్పీకర్ల వైపు చూశాడు. వాటికి కరెంటే లేదు.

"అది... గేమ్‌లో కేకేనండీ," అన్నాడు.

వెనక ఎవరో పొడిగా దగ్గారు. ఆ కేక రికార్డు చేసిన రోజుకి హిరోసేకు దగ్గు ఇంకా మొదలవలేదు.

"ఇవాకి గారూ," అంది తొమోకో మెల్లగా, "మీరు కాసేపు ఊరుకోండి. ఆయన్ని చెప్పనివ్వండి."