తాతయ్య గోడకు మేకు

గోడలు తమను కట్టిన నాటినుంచి విన్నవన్నీ అప్పజెప్పడం మొదలుపెట్టాక, ఏ ఇంట్లోనూ పెద్దల మాట చెల్లడం లేదు.

ఆర్కిటెక్టు తాతయ్య కట్టిన ఆ కాంక్రీటు ఇంట్లో సోఫా కూడా సిమెంటుదే. నీలవేణి క్యాలెండరు తగిలిద్దామని సుత్తి తీసింది.

“ఆగవే! ఈ గోడకి మేకు కొట్టకూడదని తాతయ్య నియమం. డెబ్భై ఏళ్లుగా ఎవరూ కొట్టలేదు. కావాలంటే గోడనే అడుగు,” అన్నాడు నాన్న.

అడిగింది. ముందు తాతయ్య గొంతు వినిపించింది.

“చొక్కా తగిలించుకునే చోటు కూడా లేదు. ఏ వెధవ కట్టాడే ఈ ఇల్లు?”

తర్వాత నాయనమ్మ గొంతు.

“మీరేనండీ. ఆ మేకు కదలకుండా పట్టుకోండి. ఎవరైనా వస్తే పీకేసి, సిమెంటు మెత్తేద్దాం.”

నాన్న వచ్చి మేకు పట్టుకున్నాడు.