ఏడో నంబరు ఊపిరి

తెర వెనక ఏడో నంబరు ట్రాంబోన్ బూర అందుకోగానే నా ఎడమ కాలు దానంతటదే కుర్చీ కిందికి ముడుచుకుంది.

మా ఆర్కెస్ట్రాలో ఉద్యోగానికి పరీక్ష. వాయించేది ఎవరో తీర్పు చెప్పే మాకు తెలియకూడదని తెర కడతారు, పేర్లకు బదులు నంబర్లిస్తారు.

పై స్వరానికి ముందు ఏడో నంబరు వెంట్రుకవాసి ఆగింది.

"అబ్బ, ఏం ఊపిరండీ!" అన్నాడు నా పక్కన కూర్చున్న ట్రంపెట్ పెద్దాయన.

అది ఊపిరి కాదు. చిన్నప్పుడు సరిగ్గా అక్కడే మా గురువు, కురోసే అనే ఆయన, బూర గొట్టం తుడిచే ఇనపకడ్డీతో పిక్కల మీద కొట్టేవాడు. స్వరం పగిలితే ఒక దెబ్బ, పగలకపోతే గుర్తుండాలని ఇంకోటి. నెత్తురు మేజోళ్లలోకి కారేది. ఒకనాడు నేను వాయిస్తుండగానే బూరను నా నోట్లోకి గుద్దాడు. ముందు పన్ను ఊడి ఒళ్లో పడింది.

"ఏడవకురా, పెదవి వాస్తుంది" అన్నాడు.

ఆ ఆగడం దెబ్బ కోసం ఎదురుచూడటం. కానీ ఆ కురోసే ముసలాడు పోయి పద్దెనిమిదేళ్లయింది. మరి ఈ మనిషినెవడు కొట్టాడు?

అందరం ఏడో నంబరుకే చేతులెత్తాం. తెర తీశారు.

చిగుస. పదేళ్లుగా నా దగ్గరే నేర్చుకుంటున్న పిల్ల. "నీకింకా రాదు, పరీక్షకెళ్లావంటే చంపేస్తా" అన్నాను పోయిన నెల.

"చెప్పకుండా వచ్చాను, క్షమించండి మాస్టారూ" అంటూ నడుం దాకా వంగింది.

"మీ శిష్యురాలా! ఆ ఊపిరి మీరు నేర్పిందేనన్నమాట" అన్నాడు పెద్దాయన.

శభాష్ అని భుజం తడదామని చెయ్యెత్తాను.

చిగుస చప్పున అరచేత్తో నోరు కప్పుకుంది.